రంగం వెళ్ళినవాళ్ళకి రిజిస్టరు లేదు

2003 వేసవిలో న్యూజెర్సీలో ఒక పెళ్ళికి వెళ్ళాం. అమ్మాయి మా స్నేహితుల కూతురు. అబ్బాయి దక్షిణాఫ్రికా నుంచి చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడినవాడు. మగపెళ్ళివారిలో డెబ్భై ఏళ్ళ పెద్దావిడ ఒకరు డర్బన్ నుంచి వచ్చారు. టీచరు పని చేసి రిటైరయ్యారట. ఆవిడకి తెలుగు ఓ పాతిక ముక్కల కంటే రాదు. కానీ ఆ పాతిక ముక్కల్లో ‘ఊరు’ అన్న మాట ఉంది.

భోజనాల దగ్గర నన్ను అడిగిన మొదటి ప్రశ్నే అది. “మీది ఏ ఊరు?”

ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఈ ప్రశ్నకి నేను చెప్పే జవాబు “వైజాగ్” అని. అసలు ఊరు చెప్తే ఎలాగూ తెలీదు, మళ్ళీ ఎక్కడా అని అడుగుతారు, ఎందుకొచ్చిన గొడవ అని. ఆవిడతోనూ అదే అన్నాను. వెంటనే ఆవిడ చేతిసంచీలోంచి ప్లాస్టిక్ ఫోల్డరు ఒకటి తీసి, ఒక కాగితం మీద వేలు పెట్టి చూపించారు. జిల్లా: వైజాగపటాం. ఠాణా: చీపురుపల్లె.

నా చేతిలో లడ్డూ చేతిలోనే ఉండిపోయింది. చీపురుపల్లి మా ఊరికి పన్నెండు మైళ్ళు.

ఆవిడ ముత్తాత, ముత్తవ్వ ఇద్దరూ కూలి ఒప్పందం మీద మద్రాసులో ఓడెక్కి నేటాల్ వెళ్ళినవాళ్ళు. ఆ కాగితంలో వాళ్ళ పేర్లు, వయస్సులు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు, ఎక్కిన ఓడ, ఇద్దరికీ చెరో నంబరు ఉన్నాయి. వీటన్నిటితో పాటు ఇద్దరి తండ్రుల పేర్లూ ఉన్నాయి. ముత్తవ్వ తండ్రి పేరు కూడా!

“మరి మీ ముత్తవ్వ తండ్రి పేరేమిటి?” అని ఆవిడ మామూలుగానే అడిగారు. ముత్తవ్వ తండ్రి సంగతి అలా ఉంచండి, నాకు ముత్తవ్వ పేరే తెలీదు. ఆ జిల్లాలోనే పుట్టి, ఆ నీళ్ళు తాగి, ఇరవై అయిదేళ్ళు అక్కడే పెరిగినవాణ్ణి నేను. నూరేళ్ళకు పైగా ఆ గడ్డ తొక్కని వంశం ఆవిడది. ఊరూ పేరూ ఉన్నది ఆవిడ దగ్గర.

*

ఇది ఎలా జరిగిందో కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

నేటాల్ చెరకు తోటలకి కూలీలని తీసుకెళ్ళిన మొదటి ఓడ ‘ట్రూరో’. 1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911లో ఆగిపోయేదాకా లక్షా యాభై రెండు వేలకి పైగా జనం వెళ్ళారు. వాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. అంటే తమిళులూ, మన తెలుగువాళ్ళూ. ఒప్పందం అయిదేళ్ళు. మొదటి ఏడాది జీతం నెలకి పది షిల్లింగులు. ఓడ దిగిన ప్రతి మనిషికీ, మగైనా ఆడైనా, ఒక నంబరిచ్చి రిజిస్టర్లో ఎక్కించారు. ఆ పట్టికలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. డర్బన్ విశ్వవిద్యాలయం వాళ్ళు వాటిని కంప్యూటర్లోకి కూడా ఎక్కించారు.

మారిషస్ సంగతీ ఇంతే. అక్కడికి 1834 నుంచే ఒప్పంద కూలీలు వెళ్ళారు. నాలుగున్నర లక్షల పైచిలుకు మంది వివరాలు మోకా ఊళ్ళో ఉన్న మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. 1860ల నుంచీ ఫోటోలు కూడా తీసి పెట్టారు. మన ఊళ్ళల్లో జమీందార్లకే ఫోటో అంటే ఏమిటో తెలియని రోజుల్లో చెరకు కూలీకి ఫోటో ఉందన్నమాట!

ఇదంతా ప్రేమకొద్దీ రాసిపెట్టిందేమీ కాదు. మనిషి తోటలోంచి పారిపోతే పట్టుకోడానికి పుట్టుమచ్చ. చచ్చిపోతే ఎవరికి తెలియజెయ్యాలో తెలియడానికి ఊరు. ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో లెక్క చూసుకోడానికి ఓడ పేరు, తేదీ. ముందుచూపు తోటల దొరలది, అవసరమూ వాళ్ళదే. కానీ నూరేళ్ళ తరవాత ఆ కాగితం మునిమనవరాలి చేతికి అందింది. ఏ పని కోసం రాశారో ఆ పని ఎప్పుడో అయిపోయింది. రాత మిగిలింది.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను.

మా మామ్మ అన్నదమ్ముల్లో పెద్దాయన రంగం వెళ్ళాడు. ఉత్తరాంధ్ర వాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. రంగం అంటే రంగూన్. భీమునిపట్నం, కళింగపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లుండేవి. పంట కోతలయ్యాక వెళ్ళి కొన్నాళ్ళు ధాన్యం మిల్లుల్లోనో రేవు మీదో పని చేసి, నాలుగు డబ్బులతో తిరిగొచ్చేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళని కొరంగీలనేవాళ్ళు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ, బర్మా కూలీలకీ పని దగ్గర మొదలైన తగవు పెద్ద అల్లర్లయి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా మన దేశం వాళ్ళే.

ఇంతమంది వెళ్ళారు కదా, మరి వాళ్ళ పేర్లేవీ? లేవు. ఎందుకంటే 1937 ఏప్రిల్ దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. రంగం వెళ్ళడమంటే, సర్కారు లెక్కలో, విజయనగరం నుంచి మద్రాసు వెళ్ళినట్టే. నేటాల్ కూలీకిచ్చినట్టు ఒప్పందమూ లేదు, నంబరూ లేదు. మేస్త్రీ ఇంటికొచ్చి అడ్వాన్సు ఇచ్చి మనిషిని తీసుకెళ్ళేవాడు. ఆ లెక్క ఏదైనా ఉంటే మేస్త్రీ పద్దు పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకాలు ఏ గంగలో కలిశాయో! 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులేశాక లక్షలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. వేలమంది దారిలోనే పోయారు. ఎవరు బయల్దేరారో రాసుకున్నవాళ్ళు లేరు కాబట్టి ఎవరు రాలేదో చెప్పేవాళ్ళూ లేరు.

అంటే రంగం వెళ్ళినవాడికి రిజిస్టరు ఇంట్లో ఉన్న మనుషుల జ్ఞాపకమే. మా పెద్దాయనకి ఆ రిజిస్టరు మా మామ్మ.

*

మామ్మ కాళయుక్తి నామ సంవత్సరంలో పుట్టింది. “పెద్ద జొరాల ఏడు” అనేది. కాళయుక్తి అంటే 1918. ప్రపంచమంతా విషజ్వరం పాకిన ఏడు. అరవై ఏళ్ళ చక్రం తెలిస్తే చాలు, ముసలివాళ్ళు చెప్పే ప్రతి మాటకీ తేదీ దొరుకుతుంది. ధాత కరువు అంటే 1876. నందన కరువు అంటే 1832, అదే డొక్కల కరువు. ఈ లెక్క నాకు మామ్మ ఉండగా తెలీదు. తెలుసుకునే పని పెట్టుకోలేదు.

1996 డిసెంబరులో మూడు వారాల సెలవు మీద ఇండియా వెళ్ళాను. ఆ ప్రయాణానికి నేను వేసుకున్న ప్రణాళిక చూస్తే మీరు మెచ్చుకుంటారు. ఎవరెవరికి ఏమేం ఇవ్వాలో రెండు పేజీల జాబితా. ఏ సూట్‌కేసు ఎన్ని పౌన్లో బాత్రూం తూనిక మీద మూడుసార్లు చూసుకున్నాను. విమానాశ్రయం నుంచి ఊరికి రైలు టిక్కెట్లు రెండు నెలల ముందే. మామ్మ మాటలు రికార్డు చేద్దామని చిన్న టేప్ రికార్డరు, రెండు ఖాళీ క్యాసెట్లు కూడా కొన్నాను. కొనని వస్తువు బ్యాటరీలు. వేసుకోని జాబితా ప్రశ్నలది.

మూడు వారాల్లో పెళ్ళి ఒకటి, తిరుపతి ఒకటి, ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ ఒకటి. మామ్మ దగ్గర కూర్చున్నది చివరి రోజు మధ్యాహ్నం. “మామ్మా, రంగం వెళ్ళిన మీ అన్నయ్య సంగతి చెప్పవే” అన్నాను.

“ఇప్పుడెక్కడ చెప్పమంటావురా నాయనా, నీ రైలుకి వేళవుతోంది. మళ్ళీ వచ్చినప్పుడు తీరుబడిగా చెప్తానులే. ఒకనాటితో తెమిలేది కాదు అది.”

మామ్మ తరవాతి ఫిబ్రవరిలో పోయింది. కంపెనీలో ఆ ఏడాది సెలవు అయిపోయింది కాబట్టి నేను వెళ్ళలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మనకి సామెత ఉండనే ఉంది. ఇందులో నా తప్పు ఇంకొకటుంది. అది ఇన్నేళ్ళలో మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

మామ్మ చెక్కపెట్టెలో, పట్టుచీర మడతల కింద ఒక పాత కవరుండేది. రంగం నుంచి ఆ పెద్దాయన పంపిన ఉత్తరం అందులోదే. నాకు పదేళ్ళప్పుడు, అంటే 1969లో, స్కూల్లో స్టాంపులు పోగుచేసే పిచ్చి పట్టుకుంది. రాజుగారి బొమ్మా, బర్మా అన్న అక్షరాలూ ఉన్న స్టాంపు మా క్లాసులో ఎవరి దగ్గరా లేదు. పెట్టె తెరిచి, కవరు మూల కత్తిరించి, స్టాంపు తీసుకుని, మిగతా కవరు పొయ్యిలో పడేశాను. దొరికిపోతానని భయం. లోపలి ఉత్తరం తిరిగి పెట్టేశాను కానీ, దానికి ఆ తరవాత చెదపురుగులు పట్టాయి. పంపినవాడి చిరునామా కవరు మీద ఉండేది.

ఆ స్టాంపు ఇప్పటికీ నా ఆల్బంలో ఉంది. దానిమీద తపాలా ముద్ర సగం ఉంది. 1938 అన్న అంకెలు కనిపిస్తాయి. ఊరి పేరున్న సగం నా కత్తెరకి పోయింది.

*

డర్బన్ పెద్దావిడ మా తాలూకాకి వెళ్ళింది 2005 జనవరిలో. పెళ్ళిలో నన్ను కలిసి అప్పటికి ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరా ఆవిడ చేసిన పని చూసి నాకు సిగ్గేసింది.

మొదట డర్బన్లో తనవాళ్ళలో ఎనభై దాటినవాళ్ళందరినీ కలిసి, తెలిసిందంతా రాసుకున్నారు. కాగితాలెక్కడికీ పోవు, మనుషులు పోతారు కాబట్టి ముందు మనుషులు, తరవాత కాగితాలు అన్నారు. ఆ తరవాత ఊరి పేరు సంగతి. తెలుగు రాని గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన పేరది. దాన్ని నాకు పంపి, “గట్టిగా పదిసార్లు చదివి ఎలా వినిపిస్తుందో చెప్పండి” అన్నారు. నేనూ, విజయనగరంలో ఉన్న మా చిన్నాన్న కొడుకూ కలిసి మూడు ఊళ్ళు తేల్చాం.

జిల్లా కూడా ఒక చిక్కే. చీపురుపల్లి 1950 దాకా విశాఖపట్నం జిల్లా. ఆ ఏడు శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది. 1979లో విజయనగరం జిల్లా వచ్చాక ఇందులోకి వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఊరు కదల్లేదు, చిరునామా మాత్రం మూడుసార్లు మారింది. గోదావరి వాళ్ళకీ ఇదే బాధ. 1859కి ముందు కాగితమైతే రాజమండ్రి జిల్లా అని ఉంటుంది, తరవాతదైతే గోదావరి. పశ్చిమగోదావరి 1925లో గానీ పుట్టలేదు. ఈ సంగతులు ఇంటి దగ్గరే చూసుకుని బయల్దేరకపోతే, ఉన్న పది రోజులూ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరగడంతో సరిపోతుంది. పాత భూమి రికార్డుల్లో ఫసలీలుంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1348 అంటే 1938 జులై నుంచి అన్నమాట. ఈ చిన్న కూడిక రాకపోవడం వల్ల చేతిలో ఉన్న కాగితం ఎప్పటిదో తెలియక పక్కన పెట్టినవాళ్ళని చూశాను.

ఆవిడ సంక్రాంతి దాటిన వారం ఎంచుకున్నారు. కోతలయిపోయి జనం తీరిగ్గా ఉంటారు, పండక్కి వచ్చిన ఆడపడుచులు ఇంకా ఉంటారు అని మా తమ్ముడు చెప్పాడు. కోడళ్ళకి అత్తవారి ఊరే తెలుస్తుంది, పుట్టింటి కథలు ఆడపడుచుల దగ్గరే ఉంటాయి. ఊళ్ళో కరణంగారి కుటుంబం ఎక్కడుందో కూడా వాడు ముందే కనుక్కున్నాడు. 1984లో కరణాల, మునసబుల ఉద్యోగాలు రద్దయినప్పుడు దస్త్రాలు ప్రభుత్వానికి అప్పజెప్పారు. కానీ ఎవరి పొలం ఎవరి తాత దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందో నోటికి తెలిసిన మనుషులు ఆ ఇళ్ళల్లోనే ఉండేవాళ్ళు.

ఇంతా చేసి ఆవిడకి దొరికిందేమిటి? సినిమాలో లాగా ఎవరూ పరిగెత్తుకొచ్చి కౌగలించుకోలేదు. ఆవిడ కాగితంలో ఇంటిపేరు లేదు. ఇంటిపేరు లేకపోతే మన ఊళ్ళల్లో మనిషిని పోల్చుకోవడం కష్టం. మొదటి రెండు ఊళ్ళల్లో ఏమీ తేలలేదు. మూడో ఊళ్ళో తొంభై ఏళ్ళ ముసలాయన ఒకరు అరుగు మీద కూర్చుని, కాగితంలో పేర్లు రెండుసార్లు చదివించుకుని, “మా తాత చిన్నప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చెప్పకుండా పోయి ఓడెక్కారని చెప్పుకునేవారు. వాళ్ళ గుడిసె చెరువు గట్టు కింద ఉండేదట” అన్నాడు. పేర్లు ఆయనకి తెలీవు. వాళ్ళే వీళ్ళని రుజువేమీ లేదు.

ఆవిడ చెరువు గట్టు మీద కాసేపు నుంచుని వచ్చేశారట. ఆ కాగితం తెలుగులోకి మార్పించిన నకలు ఒకటి ముసలాయనకిచ్చారు. తన చిరునామా, తనవాళ్ళ ఫోటో కూడా ఇచ్చారు. “ఇవాళ నాకు తెలియకపోవచ్చు, రేపు వీళ్ళలో ఎవరికైనా కావలసిరావచ్చు” అన్నారట. ఆ ముసలాయన ఆ ఏడాది వర్షాకాలంలో పోయాడని మా తమ్ముడు రాశాడు. ఇంకో సంక్రాంతి దాకా ఆవిడ ఆగి ఉంటే ఆ మాట కూడా ఉండేది కాదు.

*

ఇదంతా రిటైరయ్యాక చూసుకునే కాలక్షేపం కదా అని అనుకునేవాణ్ణి నేనూ. యాభై దాటాక ఒక డాక్టరు దగ్గర ఫారం నింపుతుంటే, మీ తండ్రి తరఫువాళ్ళు ఏ జబ్బులతో పోయారు, ఏ వయస్సులో, అని గళ్ళున్నాయి. వరసగా ‘తెలియదు’ అని రాశాను. మా తాతగారు పొలంలో కూలబడి పోయారని మాత్రం విన్నాను. అది గుండెజబ్బా, వడదెబ్బా, పామా? మామ్మనడిగితే చెప్పేదే. ఆ ఒక్క గడిలో సరైన మాట ఉంటే నా పరీక్షలు పదేళ్ళ ముందే మొదలయ్యేవని డాక్టరన్నాడు.

అమెరికాలో ఉన్నాం కాబట్టి మన వివరాలు ఎక్కడో ఒకచోట ఉంటాయిలే అనే ధైర్యం కూడా మనకి ఉంది. అదీ చూద్దాం. ఇక్కడ జనాభా లెక్కల్లో మనుషుల పేర్లతో ఉన్న కాగితాలు డెబ్భై రెండేళ్ళు దాచి, తరవాత అందరికీ చూపిస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. ఆ లెక్కన 2000లో నేను నింపిన ఫారం 2072 ఏప్రిల్లో తెరుచుకుంటుంది. నా మనవల పిల్లలెవరైనా చూడొచ్చు. చూస్తే ఏముంటుంది? నా పేరు, వయస్సు, ఏషియన్ ఇండియన్ అన్న గడిలో ఒక గుర్తు. ఊరు లేదు. మా నాన్న పేరు లేదు. మా అమ్మ పేరు అసలే లేదు. నా వయస్సు కూడా ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు వేసిన తేదీ ప్రకారం ఉన్నదే.

చెరకు తోటకి వెళ్ళిన కూలీకి ఊరి పేరు రాసిపెట్టారు. ఇంజనీరు ఉద్యోగానికి వచ్చిన నాకు ఎవరూ రాయలేదు. నేనే రాసుకోవాలి.

అందుకని మొదలుపెట్టాను. ఇంట్లో ఉన్న ప్రతి ఫోటో వెనక పెన్సిలుతో పేర్లు రాశాను. ఎడమనుంచి కుడికి, తెలుగులో, ఇంగ్లీషులో. మా అమ్మతో ప్రతి ఆదివారం ఫోన్లో ఆరోగ్యం, కూరలు అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి. అన్నీ ఒకసారి అడిగితే “గుర్తులేదురా” అనేది. ఒక్కటడిగితే వారమంతా ఆలోచించి పై ఆదివారం ఇంకో రెండు కలిపి చెప్పేది. అలా మూడేళ్ళలో నూటయాభై పేర్లు పోగయ్యాయి. మా ముత్తవ్వ పేరు దొరికింది. ఆవిడ తండ్రి పేరు మాత్రం దొరకలేదు.

వచ్చే సెలవులకి ఇండియా వెళ్తుంటే, బరువు లేని వస్తువొకటి సూట్‌కేసులో పెట్టుకోండి. పది ప్రశ్నలు రాసిన కాగితం. రికార్డరు ఇప్పుడు ఫోన్లోనే ఉంది, బ్యాటరీల బాధ లేదు. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ దగ్గరికి చివరి రోజున కాదు, మొదటి రోజున వెళ్ళండి. ఒకనాటితో తెమలదు. రెండో రోజు మళ్ళీ వెళ్ళడానికి వీలుండాలి.

మొన్న నా స్టాంపు ఆల్బంలో ఆ రంగం స్టాంపు పక్కన ఒక చీటీ అంటించాను. అది ఎవరు పంపిన ఉత్తరం మీదిదో, ఎవరికి వచ్చిందో, ఏ ఊరికో రాశాను. కవరు మీద పంపినవాడి చిరునామా ఉండేదనీ, దాన్ని కత్తిరించి కాల్చింది పదేళ్ళ నేనేననీ కూడా రాశాను. 2072లో చూసేవాళ్ళు ఆ మిగతా సగం ఎక్కడుందా అని వెతుక్కుంటూ వృథాగా తిరక్కూడదు కదా.